సైబర్ సెక్యూరిటీ బ్రాంచా, మామూలు సీఎస్ఈనా, బీఎస్సీనా? తిరుపతి, చిత్తూరు పిల్లలకు ఎంపిక సలహా

పోయిన ఆదివారం మా అక్క కూతురు చిత్తూరులో పొద్దున్నే బస్సెక్కి తిరుపతిలో మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక నోటుపుస్తకం. అందులో పదకొండు ఇంజనీరింగ్ కాలేజీల పేర్లు, సైబర్ సెక్యూరిటీ బ్రాంచి ఉన్నవాటికి ఎర్ర పెన్నుతో టిక్కులు. "మామా, టిక్కు ఉన్నవన్నీ పైన పెట్టేస్తా, మిగతావి కింద. సరిపోతుంది కదా?" అంది. వెబ్ ఆప్షన్లకు ఇంకా టైముంది, కానీ ఇంట్లో అప్పటికే టెన్షన్ మొదలైంది.

నేను పదేళ్లకు పైగా బెంగళూరులో ఇదే రంగంలో ఉన్నాను. కంపెనీ సర్వర్లలో తేడాగా ఏదైనా జరుగుతోందా అని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే టీము మాది. కొత్తగా చేరడానికి వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేసే పని కూడా నా మీదే పడుతుంది. ఆ అనుభవం వల్లే మా పాపకు వెంటనే "సరే" అనలేకపోయాను. ఆ వారం ఆమెకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. మన జిల్లాల్లో ఇదే నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్న ఇళ్లు చాలా ఉంటాయని తెలుసు.

నా మాట ముందే చెప్పేస్తాను. మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్) అందే ర్యాంకు ఉంటే, అంతకంటే తక్కువ కాలేజీలో సైబర్ బ్రాంచి కోసం ఆ సీటు వదులుకోవద్దు. ఒకే కాలేజీలో రెండూ అందుతుంటే అక్కడి ల్యాబును, పాఠం చెప్పేవాళ్లను చూసి తేల్చుకోవాలి. బీటెక్ ఖర్చు మోయలేని ఇల్లయినా, ఈఏపీసెట్ ర్యాంకు దూరంగా వచ్చినా, బీఎస్సీ, బీసీఏ చేయడం చిన్నతనమేమీ కాదు. కాకపోతే అక్కడ సొంతంగా చేసుకోవాల్సిన పని ఎక్కువ.

రెండు బీటెక్‌లకు తేడా మూడో ఏడాదిలో

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని చాలా ఇంజనీరింగ్ కాలేజీలు అనంతపురం జేఎన్‌టీయూకి అనుబంధం. వాటిలో అటానమస్ కాలేజీలు సిలబస్ సొంతంగా రాసుకుంటాయి. మోహన్‌బాబు యూనివర్సిటీ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల సంగతి సరేసరి. ఎక్కడైనా బీటెక్ మొత్తం కాస్త అటూ ఇటూగా 160 క్రెడిట్లు. మొదటి రెండేళ్లు సీఎస్ఈకీ సైబర్ బ్రాంచికీ పెద్ద తేడా ఉండదు. మ్యాథ్స్, సీ, పైథాన్, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, ఇవే రెండింట్లోనూ. మూడో ఏడాది నుంచి దారులు చీలతాయి. సైబర్ బ్రాంచిలో క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్యంగా మార్చే విద్య), ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో లోపాలు వెతకడం), డిజిటల్ ఫోరెన్సిక్స్ (కంప్యూటర్లలో సాక్ష్యాలు తీయడం), మాల్‌వేర్ (హానిచేసే ప్రోగ్రామ్‌ల) అనాలిసిస్, సైబర్ చట్టాలు లాంటివి తప్పనిసరి సబ్జెక్టులుగా వస్తాయి. మామూలు సీఎస్ఈలో వీటిలో కొన్ని ఎలక్టివ్‌లుగా, అంటే కావాలంటే ఎంచుకునే సబ్జెక్టులుగా, దొరుకుతాయి. చాలినంతమంది తీసుకోకపోతే ఆ ఎలక్టివ్ ఆ ఏడాది నడవకపోవచ్చు కూడా. సైబర్ బ్రాంచికి ఉన్న అసలు బలం ఇదే, దాన్ని నేను తక్కువ చేయను.

అయితే కొత్త సబ్జెక్టులకు చోటు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూడాలి. కంపైలర్ డిజైన్ తీసేశారంటే పోనీలే అనుకోవచ్చు. కంప్యూటర్ నెట్‌వర్క్స్‌కు వేరే ల్యాబ్ లేకుండా చేశారంటే మాత్రం నేను ఆ కాలేజీని రెండు మెట్లు కిందికి దించుతాను. కాలేజీ వెబ్‌సైట్‌లో రెండు బ్రాంచీల సిలబస్ పీడీఎఫ్‌లూ ఉంటాయి. పక్కపక్కన తెరిచి నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, లినక్స్ (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఏ సెమిస్టర్‌లో ఉన్నాయి, ల్యాబ్ ఎన్ని గంటలు అన్నది రాసుకోండి. గంట పని. నాలుగేళ్ల చదువుకు ఆ గంట కేటాయించని తల్లిదండ్రులను చూస్తే నాకు బాధేస్తుంది.

మధ్యలో ఇంకో దారి కూడా ఉంది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నమూనా ప్రకారం 160 క్రెడిట్లకు పైన మరో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే బీటెక్‌తో పాటు మైనర్ గానీ ఆనర్స్ గానీ, అంటే అదనంగా చదివిన దానికి డిగ్రీలో గుర్తింపు, వస్తుంది. చాలా కాలేజీలు సీఎస్ఈ పిల్లలకు సైబర్ సెక్యూరిటీలో ఈ అవకాశం ఇస్తున్నాయి. డిగ్రీ మీద సీఎస్ఈ అని ఉంటుంది, సెక్యూరిటీ చదివినట్టూ ఉంటుంది. మీరు చూస్తున్న కాలేజీలో ఇది కాగితం మీదే ఉందా, పోయినేడు ఎవరైనా నిజంగా పూర్తి చేశారా అని అడగండి.

డిగ్రీ మీద బ్రాంచి పేరు రెండుచోట్ల పనికొస్తుంది. ఒకటి, ప్రభుత్వ నోటిఫికేషన్లు. కొన్నిట్లో అర్హత దగ్గర "కంప్యూటర్ సైన్స్ లేదా సమానమైనది" అని ఉంటుంది. సైబర్ బ్రాంచి వాళ్లు ఆ సమానత్వం చూపించడానికి కాగితాలు పట్టుకుని తిరగాల్సి రావచ్చు. రెండోది గేట్, అంటే ఎంటెక్ ప్రవేశ పరీక్ష. కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో సెక్యూరిటీకి ప్రత్యేక భాగం లేదు, అల్గారిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్, కంపైలర్, నెట్‌వర్క్స్ లాంటివే ఉంటాయి. ఎంటెక్‌కు ఐఐటీ వైపు చూసేవాళ్లకు మామూలు సీఎస్ఈ సిలబస్ దగ్గరి దారి. ఇక క్యాంపస్‌కు వచ్చే పెద్ద ఐటీ కంపెనీలు చాలావరకు బ్రాంచి పేరు పట్టించుకోవు. ఆప్టిట్యూడ్, కోడింగ్ టెస్టు పెట్టి తీసుకుపోతాయి. టీసీఎస్ పెట్టే ఎన్‌క్యూటీ పరీక్ష అందుకు ఉదాహరణ.

ఇంటర్వ్యూలో నేను అడిగేది

ఎవరు వచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే. "బ్రౌజర్‌లో ఒక వెబ్‌సైట్ పేరు కొట్టి ఎంటర్ నొక్కావు. పేజీ కనబడేలోపు ఏమేం జరుగుతాయి?" రెజ్యూమెలో ఇరవై హ్యాకింగ్ టూల్స్ పేర్లు రాసుకున్న పిల్లలు డీఎన్ఎస్ (సైటు పేరును నెట్‌వర్క్ అడ్రస్‌గా మార్చే ఏర్పాటు) దగ్గరే ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. తర్వాత ఒక లాగ్, అంటే కంప్యూటర్ తనలో జరిగినవి రాసిపెట్టుకునే చిట్టా, చూపిస్తాను. రాత్రి రెండింటికి ఒకే యూజర్ మీద నలభైసార్లు పాస్‌వర్డ్ తప్పు పడింది, నలభై ఒకటోసారి లాగిన్ అయింది. "ఇప్పుడేం చేస్తావు?" ఇందులో తెలివికంటే ముందు, ఆ లాగ్ ఎలా పుడుతుందో తెలిసి ఉండాలి. ఒకసారి ఎంపీసీ తర్వాత బీఎస్సీ కంప్యూటర్స్ చేసిన అబ్బాయి ఈ రెండో ప్రశ్నకు మిగతా అందరికంటే బాగా చెప్పాడు. ఇంట్లో పాత కంప్యూటర్ మీద లినక్స్ పెట్టుకుని, దాని లాగ్‌లు రోజూ చూసే అలవాటు ఉందన్నాడు. ఇప్పుడతను మా టీములోనే ఉన్నాడు.

మనవాళ్లకు గుర్తుండే ఉదాహరణ ఇంకొకటి చెప్తాను. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రామ్) ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకూ అంటుకుంది, వాటిలో మన చిత్తూరు జిల్లావీ ఉన్నాయి. విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ అనే పద్ధతిలోని లోపం పట్టుకుని అది ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు తనంతట తానే దూకింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే, ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. ఆ ప్యాచ్ వేయని మెషీన్లు చిక్కుకున్నాయి. ఇది అర్థం కావాలంటే ఏ పోర్టు (నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే తలుపు లాంటిది) తెరిచి ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ ఎట్లా పనిచేస్తుంది, నెట్‌వర్క్‌ను ముక్కలుగా ఎందుకు విడదీస్తారు అన్నవి తెలియాలి. మూడూ రెండో ఏడాది, మూడో ఏడాది మామూలు సీఎస్ఈ పాఠాలే.

రెండు ల్యాబులు

అదే వారం మా పాపను తీసుకుని రెండు కాలేజీలకు వెళ్లాను. పేర్లు చెప్పను. మొదటిదాంట్లో గుమ్మం మీద "సైబర్ సెక్యూరిటీ ల్యాబ్" అని మెరిసే బోర్డు, లోపల ఏసీ. మూలన అద్దాల తలుపున్న ర్యాక్‌లో స్విచ్చులు, రౌటర్, ఫైర్‌వాల్. ఒక్కదానికీ కేబుల్ లేదు. తలుపుకు తాళం. తాళంచెవి ఉన్న సారు సెలవులో ఉన్నారట. బల్ల మీద ఉన్న ఒక రికార్డు పుస్తకం తిరగేశాను. పాతకాలపు రహస్య లిపులైన సీజర్ సైఫర్, ప్లేఫెయిర్ సైఫర్ ప్రోగ్రామ్‌లు, నీలం ఇంకుతో ముత్యాల్లాంటి అక్షరాలు, ఔట్‌పుట్ కూడా చేత్తోనే రాసి ఉంది. నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారాన్ని పట్టి చూపించే టూల్ గురించి, "వైర్‌షార్క్ వాడతారా?" అని ఒక థర్డ్ ఇయర్ అబ్బాయిని అడిగితే, "ఇన్‌స్టాల్ చేయడానికి పర్మిషన్ ఉండదన్నా" అన్నాడు.

రెండో కాలేజీలో బోర్డు కూడా సరిగా లేదు. బల్లలు పాతవి, ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. ఒక్కో కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపలే ఇంకొన్ని ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపే ప్రోగ్రామ్) తెరిచి రెండేసి మెషీన్లు నడుస్తున్నాయి, ఒకటి దాడి టూల్స్‌తో వచ్చే కాలీ లినక్స్, ఇంకొకటి కావాలనే లోపాలతో తయారుచేసిన మెషీన్. పాఠం చెప్తున్న మేడమ్, ఒక జంట దాడి చేస్తుంటే పక్క జంట దాన్ని లాగ్‌లో కనిపెట్టేలా పిల్లల్ని కూర్చోబెట్టారు. ఒకమ్మాయి కమాండ్ తప్పు కొట్టి మెషీన్ ఆగిపోతే, "పర్లేదు, స్నాప్‌షాట్‌కి వెనక్కి పో" అన్నారు, అంటే ముందు భద్రపరిచిన స్థితికి. నేను పది నిమిషాలు గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ కాలేజీలో సైబర్ బ్రాంచి వస్తే కళ్లు మూసుకుని తీసుకోమని మా పాపతో అక్కడే చెప్పాను.

మీరూ ఇలాగే పని దినంలో వెళ్లండి. అడ్మిషన్ డెస్క్ దగ్గర కూర్చోకుండా ల్యాబ్ అడగండి. సైబర్ సబ్జెక్టులు చెప్పేవాళ్లు అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారో, ఎవరైనా సెక్యూరిటీ పని చేసి వచ్చినవాళ్లున్నారో అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా క్యాంటీన్‌లో థర్డ్ ఇయర్ పిల్లలతో మాట్లాడండి, వాళ్లు నిజం చెప్తారు.

బీఎస్సీ, బీసీఏ ఎవరికి

డిగ్రీ కాలేజీల అడ్మిషన్లు ఓఏఎండీసీ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతాయి. ఏ కాలేజీలో ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఉందో ఆ జాబితాలోనే చూసుకోవాలి. సైబర్ పేరున్న మేజర్ అందకపోతే కంప్యూటర్ సైన్స్ మేజర్ తీసుకున్నా నష్టం లేదు. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీ నాలుగేళ్ల ఆనర్స్ పద్ధతిలోకి వచ్చింది, మూడేళ్లకు డిగ్రీ తీసుకుని బయటకు రావచ్చు కూడా. బీసీఏ కోర్సులు 2024-25 నుంచి ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి.

తిరుపతిలో ఎస్వీ ఆర్ట్స్, గోవిందరాజస్వామి, పద్మావతి మహిళా కాలేజీ లాంటి టీటీడీ కాలేజీలు, చిత్తూరులో పీవీకేఎన్ ప్రభుత్వ కాలేజీ ఉన్నాయి. ఇంటి నుంచి వెళ్లొస్తూ తక్కువ ఫీజుతో చదువుకోవచ్చు. మూడేళ్లు అయ్యాక ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చేస్తే మొత్తం ఐదేళ్లు, బీటెక్ కంటే ఒక్క ఏడాదే ఎక్కువ. విప్రో లాంటి కంపెనీ బీఎస్సీ, బీసీఏ వాళ్లను ఉద్యోగంలోకి తీసుకుని, పక్కనే ఎంటెక్ చదివించే కార్యక్రమం నడుపుతోంది. ఫోరెన్సిక్స్ వైపు వెళ్లాలనుకుంటే గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో సైబర్ సెక్యూరిటీ ఎమ్మెస్సీ ఉంది.

ఇబ్బంది కూడా దాచకుండా చెప్పాలి. చాలా కంపెనీల్లో మొదటి వడపోతలోనే "బీటెక్ మాత్రమే" అని పెడతారు. అక్కడ బీఎస్సీ పిల్లల రెజ్యూమె మనిషి చూడకముందే ఆగిపోతుంది. దాన్ని దాటాలంటే చేతిలో చూపించడానికి పని ఉండాలి. రెండో ఏడాదినుంచే సొంత ల్యాబ్, రాసిపెట్టుకున్న నోట్సు, సీటీఎఫ్ (హ్యాకింగ్ చిక్కుముళ్లు విప్పే) పోటీలు మొదలుపెట్టగల పిల్లలకే నేను ఈ దారి ధైర్యంగా చెప్తాను. ఎవరో వెనకపడి చదివిస్తే తప్ప చదవని పిల్లలకు ఈ దారి కష్టం.

పదో తరగతి అయినవాళ్లు పాలిసెట్ రాసి మూడేళ్ల కంప్యూటర్ డిప్లొమా చేసి, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. తిరుపతిలో ఎస్వీ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. చేతిపని అలవడటానికి మంచి దారి, దీని గురించి మనవాళ్లు తక్కువగా ఆలోచిస్తారు.

డబ్బు లెక్క

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ప్రైవేటు యూనివర్సిటీల్లో కన్వీనర్ వాటా 35 శాతం. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో వచ్చి అర్హత ఉన్నవాళ్లకే. "సైబర్‌లో రెండే సీట్లున్నాయి సార్, ఈరోజే కట్టేయండి" అని మేనేజ్‌మెంట్ కోటాకు ఫోన్లు వస్తాయి. మా అక్కకు ఇప్పటికే మూడు వచ్చాయి. అదే కాలేజీలో కన్వీనర్ కోటాలో సీఎస్ఈయో ఐటీయో దొరుకుతుంటే, ఒక్క పేరు కోసం లక్షలు పోయొద్దు.

చిత్తూరు పిల్లలకు వేలూరు గంట ప్రయాణం కాబట్టి వీఐటీ వైపు మనసు పోతుంది. మంచి చదువే, కానీ పక్క రాష్ట్రం, మన రీయింబర్స్‌మెంట్ అక్కడ లెక్కలోకి రాదు. ఇంటికి దగ్గరగా ప్రభుత్వ సీటు కావాలంటే ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, ఆడపిల్లలకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, రెండింటికీ ఈఏపీసెట్ ర్యాంకే. ఏర్పేడు దగ్గరి ఐఐటీ తిరుపతిలో సీఎస్ఈ జేఈఈ అడ్వాన్స్‌డ్ వాళ్లకు. మా పాపకు ఎస్వీయూ కాలేజీలో సీఎస్ఈ వస్తే సైబర్ మాట ఎత్తొద్దని కూడా చెప్పాను.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక భయం పోగొట్టుకోవాలి. రాదనుకున్న సీటును పైన పెట్టినందువల్ల కింద ఉన్న సీటు పోదు. ర్యాంకు ప్రకారం పైనుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తారు, అంతే. ఇష్టం లేని కాలేజీని మాత్రం "ఎందుకైనా మంచిది" అని పెట్టొద్దు, అదే వచ్చి కూర్చుంటుంది.

ఇంట్లో ఒక గంట

భోజనాలయ్యాక మా పాపను నా ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. నేర్చుకోవడానికే లోపాలతో తయారుచేసిన డీవీడబ్ల్యూఏ అనే వెబ్ అప్లికేషన్ ఒక వర్చువల్ మెషీన్‌లో నడుస్తోంది. మెషీన్లో ముందే ఒక యూజర్‌ను పెట్టి, పాస్‌వర్డ్ ఏం పెట్టాలని అడిగితే "ఆవకాయ123" అంది. ఇంగ్లిష్ అక్షరాల్లో అదే పెట్టాను. వైర్‌షార్క్ ఆన్ చేసి లాగిన్ అవమన్నాను. తర్వాత ఆపి, వందల వరుసల్లో హెచ్‌టీటీపీ అని వడకట్టమన్నాను. పోస్ట్ అని ఉన్న వరుస మీద క్లిక్ చేసి కిందికి జరిపితే, ఆమె కొట్టిన ఆవకాయ ఉన్నదున్నట్టు అక్కడ కనబడింది. "మామా, ఇది దారిలో ఎవరికైనా ఇట్లాగే కనబడుతుందా?" అని గొంతు తగ్గించి అడిగింది. అదే పేజీని హెచ్‌టీటీపీఎస్‌తో, అంటే సమాచారాన్ని రహస్యంగా మార్చి పంపే పద్ధతిలో, తెరిచి మళ్లీ చేయించాను. ఈసారి అంతా అర్థంకాని అక్షరాలే. క్రిప్టోగ్రఫీ అనే సబ్జెక్టు ఎందుకుందో ఆమెకు నేను ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇదంతా ఉచితం. పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ, పికోసీటీఎఫ్, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు కూడా ఉచితమే. ఖర్చు పెట్టాల్సింది ల్యాప్‌టాప్ ర్యామ్ మీద. రెండు వర్చువల్ మెషీన్లు ఒకేసారి నడవాలంటే 16 జీబీ ఉండాలి, 8 జీబీతో నెట్టుకురావచ్చు గానీ ఓపిక కావాలి. "45 రోజుల్లో ఎథికల్ హ్యాకర్" కోర్సులకు మొదటి ఏడాదిలో డబ్బు పోయడం నాకు అస్సలు నచ్చదు. సీసీఎన్ఏ సర్టిఫికెట్ స్థాయి నెట్‌వర్కింగ్ పూర్తిగా వచ్చాక సెక్యూరిటీ ప్లస్ అనే మొదటి మెట్టు సర్టిఫికెట్, ఆ తర్వాత దమ్ముంటే చేసి చూపించాల్సిన ఓఎస్‌సీపీ పరీక్ష. ఈ వరుస తప్పితే సర్టిఫికెట్ గోడకే పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త. సాధన చేసేది సొంత మెషీన్ మీద, లేదా సాధన కోసమే పెట్టిన సైట్ల మీద మాత్రమే. కాలేజీ వైఫై, హాస్టల్ పక్క గది ఫోను, ఏదో దేవస్థానం వెబ్‌సైట్, వేటి జోలికీ అనుమతి లేకుండా పోవద్దు. ఐటీ చట్టం 2000లోని 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఊరికే చూద్దామని చేశానన్న మాట పోలీస్ స్టేషన్‌లో నిలబడదు, మీద కేసుంటే ఈ రంగంలో ఉద్యోగమూ రాదు.

ఉద్యోగం గురించి కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోండి. కొత్తవాళ్లలో చాలామందికి మొదట దొరికేది ఎస్‌ఓసీలో (భద్రతను నిరంతరం కనిపెట్టుకునే కేంద్రంలో) లెవెల్ వన్ పని. ఇరవై నాలుగు గంటలూ షిఫ్టులు, రాత్రిళ్లు అలర్ట్‌లు చూడాలి. మనదేశంలో 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లోగా నివేదించాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. కాబట్టి అర్ధరాత్రి కూడా ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. మా అక్క "ఆడపిల్లకు నైట్ షిఫ్టా?" అంది. పాప మాత్రం "ఇప్పుడు నేను రెండింటిదాకా చదవట్లేదా అమ్మా?" అని తిరిగి అడిగింది.

వారం చివరికి నోటుపుస్తకంలో ఎర్ర టిక్కులు అలాగే ఉన్నాయి కానీ వరుస మారింది. మొదటి మూడూ మామూలు సీఎస్ఈ, ఎస్వీయూ అన్నిటికంటే పైన. నాలుగోది ఆ పాత బల్లల కాలేజీ సైబర్ బ్రాంచి. మెరిసే బోర్డు కాలేజీ పేరు కొట్టేసింది. బస్టాండుకు బయల్దేరబోతూ, "మామా, నాన్న పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఇంకొకటి వేసే చోటుందో లేదో ఎట్లా చూడాలి?" అంది. చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి కాగితంలో చుట్టి ఆమె బ్యాగులో పెట్టాను.